మెయిల్ అడుగున డిస్‌క్లైమర్: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఎలా రాయాలి

కంపెనీ మెయిళ్ల కింద డిస్‌క్లైమర్ (గోప్యత, బాధ్యతల గురించి అతికించే హెచ్చరిక) ఎలా రాసుకోవాలని చిన్న వ్యాపారులు, ఆడిటర్లు, వకీళ్లు, అమెరికాలో కన్సల్టెన్సీలు నడుపుతున్న తెలుగువారు తరచుగా అడుగుతున్నారు. ఈ ప్రశ్న వెనుక మరో ప్రశ్న ఉంది: అసలు అది కోర్టులో నిలబడుతుందా?

డిస్‌క్లైమర్ ఒక నోటీసు మాత్రమే, ఒప్పందం కాదు. ఎదుటివారికి ఒక విషయం ముందే తెలుసని చూపించవలసిన సందర్భంలో నోటీసుకు విలువ ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఆజ్ఞలు జారీ చేయబోయినప్పుడు దానికి విలువ ఉండదు. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే పద్నాలుగు పంక్తుల ఫుటరును (మెయిల్ అడుగున ప్రతిసారీ చేరే పాఠాన్ని) నాలుగు పంక్తులకు తగ్గించవచ్చు, ఆ నాలుగు పంక్తులూ నిజంగా పనిచేస్తాయి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా భారతదేశపు చట్టం గురించి. మెయిళ్లు సరిహద్దులు దాటే చోట అమెరికా, ఇంగ్లాండు సంగతులు వస్తాయి. మీ ఫుటరును మార్చే ముందు మీ వకీలుకు ఒకసారి చూపించండి. ఈ వాక్యం కూడా డిస్‌క్లైమరే, కాకపోతే మీరు చదవడం మొదలుపెట్టక ముందే కనిపించే చోట ఉంది.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

మీ ఆఫీసులో ఆరేడు జవాబులు నడిచిన ఒక మెయిల్ వరుసను ప్రింటు తీయండి. తెరమీద కనిపించనిది కాగితం మీద కనిపిస్తుంది. "బిర్యానీ ఒంటిగంటకు వస్తుంది, లెక్కకు పేర్లు ఇవ్వండి" అన్న ఒక పంక్తి మెయిల్, దాని కింద "ఈ సందేశం అత్యంత గోప్యమైనది, చట్టరక్షణ కలది" అంటూ పది పంక్తులు. ఆ కింద "నాకు వెజ్" అన్న జవాబు, మళ్లీ అవే పది పంక్తులు. నాలుగు పేజీల కాగితంలో మనుషులు రాసింది అర పేజీ కూడా ఉండదు. అడుగున ఆకుపచ్చ అక్షరాలతో "ప్రింటు తీసే ముందు పర్యావరణం గురించి ఆలోచించండి" అన్న పంక్తి ఉంటే, అదే ఇంకో కాగితం మీదికి జారి ఉండవచ్చు.

తర్వాత వీటిని ఒకచోట పెట్టుకోండి:

- ఇప్పుడు వాడుతున్న ఫుటరు పూర్తి పాఠం, దాన్ని ఎవరు, ఎక్కడి నుంచి తెచ్చారన్న సమాచారం
- కంపెనీ పూర్తి పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) నమోదు సంఖ్య
- మీ వృత్తి మీద అజమాయిషీ ఉన్న సంస్థ (షేర్ మార్కెట్‌కు సెబీ, బీమాకు ఐఆర్‌డీఏఐ వంటివి) ఇచ్చిన తాజా సర్క్యులర్లు
- కస్టమర్లతో, సరఫరాదారులతో కుదుర్చుకున్న గోప్యతా ఒప్పందాల జాబితా
- కంపెనీ తరఫున ధర ఒప్పుకోవడానికి, ఒప్పందం చేయడానికి అధికారం ఉన్నవారి పేర్లు
- మెయిల్ అడ్మిన్ అకౌంటు తెరవగలిగిన మనిషి

వీటిలో మొదటి అంశం అన్నిటికంటే ముఖ్యం. చాలా ఫుటర్లకు రచయిత ఉండడు. ఎవరో పెద్ద కంపెనీ మెయిల్ నుంచి కాపీ చేసి పేరు మార్చుకున్నారు, ఆ కంపెనీ మరో దేశపు కంపెనీ నుంచి తెచ్చుకుంది. హైదరాబాదులో సిమెంటు అమ్మే సంస్థ మెయిల్ కింద అమెరికా ఆరోగ్య సమాచార చట్టం ప్రస్తావన కనిపించేది అందుకే.

## 2. ఫుటరును వాక్యాలుగా విడదీయండి

పాఠాన్ని ఒక కాగితం మీద వాక్యానికొక వరుస చొప్పున రాసి, ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగండి.

- దీన్ని రాయమని ఏదైనా చట్టం లేదా నియంత్రణ సంస్థ అడుగుతోందా?
- అడగకపోతే, ఈ వాక్యం వల్ల ఎదుటివారికి తెలియని ఏ విషయం తెలుస్తోంది?
- ఆ విషయం వారికి సమయానికి తెలుస్తోందా, లేక అంతా చదివేశాక తెలుస్తోందా?

మొదటి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే వాక్యం ఉంటుంది. రెండు, మూడు ప్రశ్నలకు సరైన జవాబు వస్తే ఉంటుంది, కానీ బహుశా చోటు మారుతుంది. మూడింటికీ జవాబు లేనిది కొట్టివేతకు వెళ్తుంది. కొట్టివేయడానికి చేయి రాకపోతే తర్వాతి విభాగం చదవండి.

## 3. ఏ వాక్యానికి ఎంత బలం ఉంది

### 3.1 "పొరపాటున అందితే చదవరాదు, వెంటనే తొలగించవలెను"

ఇది అన్నిటికంటే ప్రసిద్ధమైనది, అన్నిటికంటే బలహీనమైనది. చదవవద్దన్న మాట చదవడం పూర్తయ్యాక వస్తుంది. సరే, అది హాస్యం. చట్టం దృష్టిలో లోపం ఇంకా లోతుగా ఉంది.

భారత కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు అంగీకరించాలి. సెక్షన్ 7 ఆ అంగీకారం షరతులు లేకుండా, సంపూర్ణంగా ఉండాలంటుంది. మెయిల్ వచ్చి పడినంత మాత్రాన అందుకున్నవారు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. 1862లో ఇంగ్లాండులో ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన సోదరుని కొడుకుకు, "నీ నుంచి జవాబు రాకపోతే గుర్రం 30 పౌండ్ల 15 షిల్లింగులకు నాదైనట్టే భావిస్తాను" అని ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. మౌనాన్ని అంగీకారంగా ఎదుటివారి నెత్తిన రుద్దడం కుదరదని కోర్టు చెప్పింది. మన లా కాలేజీల్లో మొదటి సంవత్సరం విద్యార్థులు ఇప్పటికీ చదివే ఆ కేసుకు, మీ ఫుటరులోని "ఈ మెయిల్ అందుకోవడం ద్వారా మీరు అంగీకరించినట్టు" అన్న వాక్యానికి తేడా గుర్రం మాత్రమే.

అయితే గోప్యత అనేది ఒప్పందం లేకపోయినా పుట్టగల బాధ్యత. 1969 నాటి కోకో కేసులో ఇంగ్లాండు కోర్టు మూడు అంశాలు చెప్పింది, మన కోర్టులూ వాటిని వాడుతుంటాయి: సమాచారం నిజంగా గోప్యమైనది కావాలి, గోప్యంగా ఉంచాలని తెలిసే పరిస్థితుల్లో అంది ఉండాలి, దాన్ని అనుమతి లేకుండా వాడి ఉండాలి. నోటీసు పనికివచ్చేది ఇందులో రెండో అంశానికే. అదీ ఆ నోటీసును జనం పట్టించుకునేలా ఉంచినప్పుడే. బిర్యానీ మెయిల్‌కూ టెండరు ధరల మెయిల్‌కూ ఒకే ముద్ర వేస్తే, నాన్నా పులి కథలో కుర్రాడి కేకలాగా అసలు అవసరం వచ్చిన రోజున ఎవరూ పట్టించుకోరు, ఎదుటి వకీలు ఆ సంగతిని సంతోషంగా జడ్జిగారికి చూపిస్తాడు.

ఆచరణలో ఏం జరుగుతుందో 2014 జూన్‌లో గోల్డ్‌మన్ శాక్స్ చూసింది. ఆ సంస్థకు పనిచేస్తున్న ఒక కాంట్రాక్టరు ఖాతాదారుల సమాచారమున్న మెయిల్‌ను ఆఫీసు చిరునామాకు బదులు అదే పేరుతో ఉన్న ఎవరిదో జీమెయిల్ చిరునామాకు పంపారు. తొలగించమని ఆ వ్యక్తికి కబురు పంపినా జవాబు రాకపోవడంతో, సంస్థ న్యూయార్కు కోర్టు తలుపు తట్టింది. గూగుల్ ఆ మెయిల్‌ను తెరవడానికి వీల్లేకుండా నిలిపివేసింది. అంత పెద్ద బ్యాంకును కాపాడింది కోర్టు కాగితం, గూగుల్ సర్వరు. ఫుటరు కాదు.

తీర్పు: ఉంచాలనుకుంటే ఒక్క వాక్యం, అదీ విన్నపంలా ఉండాలి. బెదిరింపు తీసేయండి.

### 3.2 "ఈ మెయిల్ వల్ల ఎటువంటి ఒప్పందమూ ఏర్పడదు"

ఇది జాగ్రత్తగా చూడవలసిన వాక్యం, ఎందుకంటే మెయిళ్ల మీద ఒప్పందాలు భేషుగ్గా కుదురుతాయి. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 10ఏ ఆ సంగతి సూటిగానే చెబుతుంది. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో బాక్సైటు ఓడల సరఫరాకు 2007 అక్టోబరు 15న మెయిల్‌లో ఆఫర్ వచ్చింది, మర్నాడు ఐదు ఓడలకు అంగీకారం మెయిల్‌లోనే వెళ్లింది. సంతకాలతో పూర్తి ఒప్పంద పత్రం తయారు కాలేదన్న వాదనను 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముఖ్యమైన షరతులు కుదిరాక, పత్రం రాసుకోలేదన్న కారణంతో ఒప్పందం మాయం కాదని తేల్చింది.

అందువల్ల పైన "మీ ధరకు ఒప్పుకున్నాం, సోమవారం సరుకు పంపండి" అని రాసి, కింద ఒప్పందం లేదని అచ్చు వేసుకుంటే, కోర్టు చూసేది పై వాక్యాన్నీ, సోమవారం లారీ కదిలిందా లేదా అన్నదాన్నీ. ప్రతి మెయిల్‌కూ యంత్రం అతికించిన పంక్తి మనిషి రాసిన మాటను రద్దు చేస్తుందని ఆశించవద్దు.

ఇంకో మలుపు కూడా ఉంది. 2019లో ఇంగ్లాండులో నియోక్లియస్ కేసులో, విండర్‌మియర్ సరస్సు పక్కనున్న స్థలం అమ్మకం మీద వకీళ్ల మధ్య మెయిల్ నడిచింది. ఒక వకీలు మెయిల్ కింద దానంతటదే చేరిన పేరు, హోదా ఉన్న ఫుటరునే కోర్టు ఆయన సంతకంగా పరిగణించింది. ఫుటరు మనల్ని కాపాడుతుందనుకుంటాం, అది మనల్ని కట్టిపడేయనూ గలదు.

ఈ వాక్యానికి పూర్తిగా విలువ లేదని కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 237 ప్రకారం, తన ఏజెంటుకు అధికారం ఉందని ఇతరులు నమ్మేలా యజమాని తన మాటలతోనో చేతలతోనో చేస్తే, ఏజెంటు అధికారం దాటి చేసిన పనికి కూడా యజమాని కట్టుబడాలి. "పది లక్షలు దాటిన కొనుగోళ్లకు డైరెక్టరు సంతకం ఉన్న ఆర్డరు తప్పనిసరి" అని నిర్దిష్టంగా ముందే చెబితే, అటువంటి నమ్మకం పుట్టలేదని వాదించడానికి ఆధారం దొరుకుతుంది. నిర్దిష్టంగా ఉండాలి, ఆచరణ దానికి తగ్గట్టు ఉండాలి.

తీర్పు: సాధారణ ఫుటరు నుంచి తీసేసి, బేరసారాల మెయిళ్ల పైభాగాన పెట్టండి.

### 3.3 "వకీలు, కక్షిదారుల మధ్య రక్షిత సంభాషణ"

ఈ రక్షణ చట్టం నుంచి వస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది సెక్షన్ 132లో ఉంది. వకీలు సలహా అయితే ముద్ర లేకున్నా రక్షణ ఉంటుంది. కాకపోతే ముద్ర వేసినా రాదు.

2007లో న్యూయార్కులో బెత్ ఇజ్రాయెల్ మెడికల్ సెంటర్ కేసులో, ఆ ఆసుపత్రి డాక్టరే ఆసుపత్రి మెయిల్ అకౌంటు నుంచి తన వకీలుకు రాశారు. ఆఫీసు మెయిల్ మీద ఎవరికీ సొంత గోప్యత లేదన్నది ఆసుపత్రి నియమం. వకీలు మెయిళ్ల కింద మామూలుగా ఉండే గోప్యతా నోటీసు ఆ నియమాన్ని దాటలేదని కోర్టు చెప్పింది. దీని నుంచి నేర్చుకోవలసిన పని ఒకటే: యజమానితో వివాదం ఉన్నప్పుడు ఆఫీసు మెయిల్ వాడవద్దు.

"వితవుట్ ప్రెజుడిస్" (ఇందులోని మాటలను తర్వాత మాకు వ్యతిరేకంగా వాడరాదు) అన్న ముద్రదీ ఇదే తీరు. అది రాజీ చర్చల మెయిళ్ల పైన ఉండవలసినది. ఇన్వాయిస్ పంపే మెయిల్ మీద దానికి పనిలేదు.

### 3.4 "ఇవి ఉద్యోగి సొంత అభిప్రాయాలు, కంపెనీకి సంబంధం లేదు"

ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమాని బాధ్యత ఒక పంక్తితో పోదు. 1997లో ఇంగ్లాండులో నార్విచ్ యూనియన్ బీమా సంస్థ ఉద్యోగులు, పోటీ సంస్థ వెస్టర్న్ ప్రావిడెంట్ ఆర్థికంగా చితికిపోయిందంటూ తమలో తాము మెయిళ్లు రాసుకున్నారు. ఆ పుకారు ఖరీదు పరిహారం, ఖర్చులు కలిపి 4,50,000 పౌండ్లు. తీసేయండి.

### 3.5 "వైరస్‌కు మా పూచీ లేదు"

అటాచ్‌మెంటును పరీక్షించుకోమని చెప్పడంలో తప్పులేదు, లాభమూ పెద్దగా లేదు. మీ సర్వరును శుభ్రంగా ఉంచుకునే బాధ్యత ఎటూ మీదే. తీసేయండి.

### 3.6 చచ్చిన చట్టాల పంక్తులు

అమెరికాలో బెంచ్ సేల్స్ (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఉద్యోగులకు పని వెతికిపెట్టడం) చేసే తెలుగు కన్సల్టెన్సీల వారికి, వారి కోసం రాత్రిళ్లు హైదరాబాదులో పనిచేసే రిక్రూటర్లకు ఇది బాగా తెలిసిన పంక్తి: "105వ అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ఎస్ 1618 బిల్లు ప్రకారం, మెయిల్ జాబితా నుంచి తొలగించుకునే లింకు ఉన్నంతవరకు ఇది స్పామ్ కాదు." అటువంటి ఉద్యోగుల జాబితా పంపే హాట్‌లిస్టు మెయిళ్ల అడుగున ఇప్పటికీ దర్జాగా కూర్చుని ఉంటుంది. ఆ బిల్లు 1998లో సెనేట్ గడప దాటింది, కానీ చట్టం కాలేదు. పుట్టని చట్టాన్ని ఉటంకించడం వల్ల రక్షణ రాదు సరికదా, పంపినవారు అసలు చట్టం చదవలేదని రుజువవుతుంది.

అసలు చట్టం 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న క్యాన్-స్పామ్. అది ఫుటరులో అడిగేవి, అడగనివి 4వ విభాగంలో ఉన్నాయి.

అమెరికా పన్ను సలహాదారుల "సర్క్యులర్ 230" పంక్తిది మరో కథ. పన్నుల శాఖ 2005లో తెచ్చిన నియమాలకు భయపడి, పన్నుతో సంబంధం లేని మెయిళ్ల కింద కూడా ఈ సలహాతో జరిమానా తప్పించుకోలేరంటూ అందరూ అతికించుకున్నారు. 2014 జూన్‌లో ఆ నియమాన్నే ఎత్తివేశారు. మీ ఆడిటర్ మెయిల్ కింద అది ఇంకా ఉంటే, ఆ ఫుటరును అప్పటి నుంచి ఎవరూ చదవలేదన్నమాట.

## 4. చట్టం నిజంగా అడిగేవి

హాస్యం ఏమిటంటే, అవసరం లేని పది పంక్తులున్న ఫుటర్లలో అవసరమైనవి తరచుగా ఉండవు.

- కంపెనీలు: కంపెనీల చట్టం 2013, సెక్షన్ 12(3)(సి) ప్రకారం వ్యాపార లేఖల మీద, బిల్లుల మీద, నోటీసుల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్, ఫోను నంబరు, ఉంటే ఫ్యాక్స్, మెయిల్, వెబ్‌సైటు చిరునామాలు ఉండాలి. తప్పితే రోజుకు 1,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా లక్ష రూపాయల వరకు పెనాల్టీ. వ్యాపార లేఖలన్నీ మెయిల్‌లోనే నడుస్తున్న ఈ రోజుల్లో వీటిని సిగ్నేచరులో పెట్టడమే క్షేమం.
- ఎల్ఎల్‌పీలు: 2008 నాటి చట్టం సెక్షన్ 21 ప్రకారం అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాల్లో పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, నమోదు సంఖ్య, పరిమిత బాధ్యతతో నమోదైనట్టు ఒక ప్రకటన ఉండాలి.
- నియంత్రణ ఉన్న వృత్తులు: మీ నియంత్రణ సంస్థ ఇచ్చిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా వాడండి. అందంగా తిరగరాయడానికి ఇది చోటు కాదు.
- ఇంగ్లాండులో నమోదైన కంపెనీలు: 2007 నుంచి వ్యాపార మెయిళ్ల మీద కూడా కంపెనీ పేరు, నమోదు సంఖ్య, నమోదైన ప్రాంతం, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా తప్పనిసరి.
- అమెరికాకు వాణిజ్య మెయిళ్లు పంపేవారు: పోస్టు అందే చిరునామా, పనిచేసే తొలగింపు మార్గం, మోసం లేని సబ్జెక్ట్ లైన్ ఉండాలి. తొలగించమన్నవారిని 10 పనిదినాల్లోగా తొలగించాలి. కంపెనీల నుంచి కంపెనీలకు వెళ్లే మెయిళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఏ బిల్లు సంఖ్యనూ ఉటంకించమని చట్టం అడగదు.

## 5. కొత్త పాఠం రాయడం

ముందు గుర్తింపు, తర్వాత చట్టం అడిగిన ప్రకటన, చివర అవసరమైతే ఒక విన్నపం. ఈ వరుస మార్చవద్దు. కింది నమూనాలను మీ మెయిల్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాసుకోండి. తెలుగులో మెయిల్ రాసి కింద ఇంగ్లిషులో హెచ్చరిస్తే, చదివినవారికి అర్థమైందని వాదించడం కష్టం.

నమూనా అ: అన్ని మెయిళ్లకు, అడుగున

> పేరు, హోదా, ఫోను
> కంపెనీ పూర్తి పేరు, సీఐఎన్, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, మెయిల్, వెబ్‌సైటు
> ఈ మెయిల్ మీకు ఉద్దేశించినది కాదనిపిస్తే, మాకు ఒక మాట తెలిపి తొలగించగలరు.

నమూనా ఆ: గోప్యమైన మెయిల్‌కు, మొదటి పంక్తిగా

> గోప్యం. జతచేసిన ధరల పట్టిక మన మధ్య ఉన్న గోప్యతా ఒప్పందం (తేదీ) కిందికి వస్తుంది. మీ కొనుగోలు విభాగం దాటి ఎవరికీ పంపవద్దని కోరుతున్నాం.

నమూనా ఇ: బేరసారాల మెయిల్‌కు, మొదటి పంక్తిగా

> ఇది చర్చ కోసం పంపుతున్న ముసాయిదా. ఇరుపక్షాల అధీకృత ప్రతినిధులు ఒప్పంద పత్రంపై సంతకం చేసే వరకు ఎవరికీ కట్టుబాటు ఉండదు.

నమూనా ఆ లో బలమంతా కుండలీకరణల మధ్య ఉన్న తేదీలో ఉంది. నోటీసు ఒక సంతకం చేసిన ఒప్పందాన్ని వేలు పెట్టి చూపిస్తోంది. అడుగుతున్నది ఏ కాగితం గురించో, ఎవరి వరకు పంపవచ్చో చెబుతోంది. నమూనా ఇ రాసిన తర్వాత మాత్రం సరుకు పంపడం, అడ్వాన్సు తీసుకోవడం చేయకూడదు. చేస్తే ఆ పంక్తిని మీరే కొట్టేసుకున్నట్టు.

రాసేటప్పుడు పట్టించుకోవలసినవి:

- పెద్ద అక్షరాలు, ఎరుపు రంగు, "కఠిన చర్యలు తీసుకోబడును" వంటి మాటలు వద్దు
- చదివేవారు చేయలేని పని అడగవద్దు (బ్యాకప్‌ల నుంచి కూడా తుడిచివేయమనడం వంటివి)
- సెక్షన్ సంఖ్య వేస్తే, ఆ చట్టం ఇప్పుడు అమల్లో ఉందో లేదో చూసుకోండి. 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏ ఇంకా కొన్ని ఫుటర్లలో బతికే ఉంది
- బూడిదరంగు ఆరో సైజు అక్షరాలు వాడవద్దు. చదవలేని నోటీసు నోటీసు కాదు

## 6. మెయిల్ వ్యవస్థలో అమర్చడం

ఉద్యోగులు ఎవరికి వారు పెట్టుకుంటే ఆరు నెలల్లో ఆరు రకాలవుతాయి. అడ్మిన్ దగ్గర నుంచే అమర్చండి.

1. గూగుల్ వర్క్‌స్పేస్‌లో అడ్మిన్ కన్సోల్ తెరిచి, జీమెయిల్ సెట్టింగుల్లో కంప్లయన్స్ కింద ఉండే అపెండ్ ఫుటర్‌లో పాఠం పెట్టండి. సంస్థ లోపలి మెయిళ్లకు కూడా చేర్చాలా అన్న గడిని ఖాళీగా వదలండి. బిర్యానీ సమస్య అక్కడితో తీరుతుంది.
2. మైక్రోసాఫ్ట్ 365లో మెయిల్ ఫ్లో రూల్ రాసి, గ్రహీత సంస్థ బయట ఉన్నప్పుడు మాత్రమే వర్తించేలా పెట్టండి. మెయిల్‌లో ఆ పాఠం అప్పటికే ఉంటే మళ్లీ చేర్చవద్దని మినహాయింపు జోడించండి. జవాబుల వరుసలో పదే పదే పేరుకోకుండా ఉంటుంది.
3. నమూనా ఆ, ఇ లను యాంత్రికంగా చేర్చవద్దు. వాటిని టెంప్లేట్లుగా దాచి, అవసరమైన మెయిల్‌లో మనిషే చేర్చాలి. ఎంచి పెట్టారన్నదే వాటి విలువ.
4. అటాచ్‌మెంటు గోప్యమైతే ఆ ఫైలు ప్రతి పేజీ పైభాగాన కూడా ముద్ర వేయండి. ఫైలు ఫార్వర్డ్ అయినప్పుడు మెయిల్ వెంట రాదు.

## 7. ఫుటరు చేయలేని పనికి చేయవలసినవి

2014 నవంబరులో బ్రిస్బేన్ జీ20 సదస్సుకు ముందు, ఆస్ట్రేలియా ఇమిగ్రేషన్ ఉద్యోగి ఒకరు దేశాధినేతల పాస్‌పోర్టు వివరాలను ఆసియా కప్ ఫుట్‌బాల్ నిర్వాహకులకు పంపారు. మెయిల్ ప్రోగ్రాం చిరునామాను దానంతటదే పూర్తి చేసింది, ఉద్యోగి చూసుకోకుండా నొక్కారు. అందులో భారత ప్రధాని వివరాలూ ఉన్నాయి. ఇటువంటి చోట పనికివచ్చేవి ఇవి:

- జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ గడువును 5 సెకన్ల నుంచి 30 సెకన్లకు పెంచండి
- అవుట్‌లుక్‌లో పంపిన మెయిల్ రెండు నిమిషాలు ఆగి వెళ్లేలా రూల్ పెట్టండి; వెనక్కి పిలిచే రీకాల్ మీద ఆధారపడవద్దు, సంస్థ బయటికి వెళ్లినదాన్ని అది తేలేదు
- గోప్యమైన పత్రాలు పంపేవారి అకౌంట్లలో చిరునామా ఆటో కంప్లీట్ ఆపేయండి
- చిరునామాను అన్నిటికంటే చివర నింపే అలవాటు చేయండి
- ఫైలును జతచేయడానికి బదులు, పేరు పేరునా అనుమతి ఇచ్చిన లింకు పంపండి. అనుమతిని తర్వాత తీసేయవచ్చు
- పదిమంది కస్టమర్లకు ఒకే మెయిల్ పంపితే చిరునామాలు బీసీసీలో ఉండాలి

వ్యక్తిగత సమాచారం విషయంలో ఇది మంచి అలవాటు మాత్రమే కాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 తగిన భద్రతా ఏర్పాట్లు చేయాలంటుంది, చేయకపోతే పెనాల్టీ 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. "మా ఫుటరులో హెచ్చరించాం" అన్నది భద్రతా ఏర్పాటు కిందికి రాదు.

## 8. మెయిల్ తప్పుచోటికి వెళ్లినప్పుడు

1. మెయిల్‌ను, పంపిన సమయాన్ని భద్రపరచండి. కంగారులో సెంట్ ఫోల్డరు నుంచి తుడిచేయవద్దు.
2. లింకు పంపి ఉంటే ముందు దాని అనుమతి తీసేయండి.
3. అందుకున్నవారికి ఫోను చేయండి, తర్వాత మెయిల్ రాయండి. తెరిచారా, ఎవరికైనా పంపారా అని మర్యాదగా అడగండి. తొలగించినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబుకు ఉన్న విలువ ఏ ఫుటరుకూ లేదు.
4. వ్యక్తిగత సమాచారం బయటపడితే మీ వకీలుతో మాట్లాడండి. డేటా లీక్ వంటి సంఘటనలను 6 గంటల్లోగా తమకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. గడియారం అప్పటికే తిరుగుతోందని గుర్తుంచుకోండి.
5. వివాదం వచ్చేలా ఉంటే మెయిల్‌ను అసలు రూపంలో హెడర్లతో సహా భద్రపరచండి. కోర్టులో దాఖలు చేయడానికి సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) కూడా ఉంటుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు.

ఇతరుల మెయిల్ మీకు వస్తే? కింద రాసిన బెదిరింపుకు భయపడనవసరం లేదు, కానీ తెలిసీ ఆ సమాచారం వాడుకుంటే అసలు బాధ్యత అక్కడ మొదలవుతుంది. పొరపాటున వచ్చిందని ఒక పంక్తి జవాబు రాయండి, ఫార్వర్డ్ చేయకండి, వారు అడిగినట్టు తొలగించండి. మీరు వకీలై, అది ఎదుటి పక్షం వకీలు మెయిల్ అయితే, చదవడం ఆపి ముందు వారికి చెప్పండి.

## 9. అమలు చేసే ముందు సరిచూసుకోవలసినవి

- [ ] ఫుటరులో మిగిలిన ప్రతి వాక్యం ఎందుకుందో ఒక పంక్తిలో చెప్పగలరు
- [ ] సీఐఎన్, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రికార్డుల్లో ఉన్నట్టే ఉన్నాయి
- [ ] అంగీకరించినట్టు భావిస్తామన్న మాట ఎక్కడా లేదు
- [ ] పరాయి దేశపు చట్టం పేరు ఉంటే, ఆ దేశంతో మీకు నిజంగా వ్యాపారం ఉంది
- [ ] నమూనా ఆ వాడే ప్రతి కస్టమర్‌తో సంతకం చేసిన గోప్యతా ఒప్పందం ఫైలులో ఉంది
- [ ] ధర ఒప్పుకునే అధికారం ఎవరికి ఎంతవరకు ఉందో సరఫరాదారులకు విడిగా ఉత్తరం వెళ్లింది
- [ ] ఫోనులో తెరిచి చూశారు. అసలు మెయిల్ కంటే ఫుటరు పొడవుగా లేదు
- [ ] ఆఫీసులో ఒకరి నుంచి ఒకరికి నాలుగు జవాబులు, బయటి చిరునామాతో నాలుగు జవాబులు నడిపి, పాఠం పేరుకోవడం లేదని చూశారు
- [ ] పాత ఫుటరు ఫోన్లలోని మెయిల్ యాప్ సిగ్నేచర్లలో, ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో, ఆటో రిప్లైలలో మిగిలిపోలేదు
- [ ] పాఠం కింద రాసినవారి పేరు, తేదీ ఆఫీసు ఫైలులో నమోదయ్యాయి, ఏటా ఏప్రిల్‌లో దాన్ని తిరిగి చదివే బాధ్యత ఒకరికి అప్పగించారు